బుక్కు లేని ల్యాండ్‌మాస్టర్

ఎద్దును కొనేటప్పుడు ముందు పళ్ళు చూస్తాను, తర్వాత సుడులు, చివరికి నడక. ల్యాండ్‌మాస్టర్ కారును కూడా అదే వరుసలో చూశాను. రేకు మీద చేయి వేసి ఎక్కడ దెబ్బ తగిలిందో తడిమాను. కింద దూరి నూనె కారుతోందేమో చూశాను. ఖానాపూర్ నుంచి నిర్మల్ దాకా నడిపించాను. ఎక్కడా గసపోయలేదు. మూడు వేలకు బేరం తెగింది.

అది అరవై నాలుగో సంవత్సరం. మాది సుల్తానాబాద్. వారానికి నాలుగు పశువుల అంగళ్ళు తిరిగి ఎడ్లు కొని అమ్మడం నా పని. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ గంటలు నా లెక్కలో నష్టమే. కారుంటే ఒకే రోజు రెండు అంగళ్ళ ధరలు తెలుస్తాయి. అందుకే ఇరవై ఏళ్ళ కష్టంలో ముప్పాతిక భాగం ఆ కారు మీద పెట్టాను. మిగిలింది రెండు జతల ఎడ్లకు సరిపోయే పెట్టుబడి.

అమ్మినవాడు ఖానాపూర్ పర్శరాములు. అడవిలో కలప నరికే కూపులు గుత్తకు పట్టేవాడు. డబ్బు లెక్కపెట్టుకున్నాక కొంచెం నసిగాడు.

"గట్టన్నా, బండి రిజిస్ట్రేషన్ బుక్కు ఇప్పుడు నా దగ్గర లేదే..."

మా వ్యాపారంలో ఒక మర్యాద ఉంది. ఎద్దును అమ్మినవాడు తన పలుపు తాడు విప్పుకొని పోతాడు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుంటాడు. పాత పలుపు కావాలని అడిగితే నలుగురూ నవ్వుతారు. ఆ అలవాటు కొద్దీ నేను పెద్దరికంగా అన్నాను:

"నీ పలుపు నాకెందుకే? నా పేరు మీద కొత్త బుక్కు నేనే తీపిచ్చుకుంట."

"గదే, గదే అన్నా!" అని ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. అంగట్లో ఎవడైనా అలా ఊపిరి వదిలితే ఎద్దు గిట్టలు మళ్ళీ ఒకసారి ఎత్తి చూసేవాణ్ణి. ఆ రోజు చూడలేదు.

రెండు నెలలు కారు బాగా నడిచింది. వానలు మొదలైన వారంలో ఒకాయన గొడుగు పట్టుకొని మా వాకిట్లోకి వచ్చాడు. చంకలో తోలు సంచి, వెనక ఒక డ్రైవరు. పేరు దేవదాస్ అని, నిజామాబాద్‌లో బండ్ల మీద అప్పులిచ్చే సేటు దగ్గర పని చేస్తానని చెప్పాడు.

"గీ బండి ఎవరిది?" అన్నాడు.

"నాదే."

"కాదు. మా సేటుది."

సంచిలోంచి స్టాంపు కాగితం తీసి చదివి వినిపించాడు. పర్శరాములు ఆ కారును సేటు దగ్గర అప్పుతో కొన్నాడు. కిస్తులన్నీ తీరేదాకా బండి సేటుదే, బుక్కు సేటు పెట్టెలోనే. ఇంకా పన్నెండు వందలు రావాలి. నాకు అమ్మిన మరుసటి నెల నుంచి పర్శరాములు పైసా కట్టలేదు.

నా భార్య శంకరవ్వ చాయ్ తెచ్చి అక్కడే నిలబడింది. అంతా విన్నది.

"అంటే మూడు వేలు పోసి, రెండు నెలల సంది సేటు బండి కడుగుతున్నవా?" అంది నాతో.

కారు పోతే మూడు వేలూ పోయినట్టే. మళ్ళీ అంగట్లో ఇతరుల ఎడ్లకు దళారీ చేసుకొని బతకాలి. పన్నెండు వందలు నేనే కడితే ఆ రెండు జతల పెట్టుబడి కూడా పోతుంది. ఎటు చూసినా అక్కడికే. అందుకని నా బాధ పక్కన పెట్టి సేటు కష్టం గురించి ఆలోచించాను.

"దేవదాస్ సారూ, బండి తీస్కపోండ్రి. నేను వద్దన. కని పర్శరాములు మీద కోర్టుల కేసేస్త. మీ సేటును సాక్షికి పిలిపిస్త. గెలుస్తనో లేదో గని, వాయిదా వాయిదాకు ఆయనను కరీంనగర్ బస్సు ఎక్కిస్త."

దేవదాస్‌కు నవ్వాగలేదు. "మా సేటు బస్సెక్కితె ఆర్మూర్ రాకముందే కక్కుతడు."

"అందుకే అంటున్న. పా, గీ బండిలనే ఖానాపూర్ పోదాం. పెట్రోలు నాది. పైసలు దొరికితె మంచిది. దొరకకపోతె ఆడ్నించి సీదా నిజామాబాద్ తీస్కపోండ్రి."

దేవదాస్ ఒప్పుకొని డ్రైవర్‌ను బస్సులో పంపేశాడు. శంకరవ్వ చీర కొంగు బిగించి వెనక సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకే?" అన్నాను.

"మొన్న నువ్వొక్కనివే పోయినవు గద, ఏం తెచ్చినవో చూసిన."

జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి, సోన్ వంతెన మీద గోదావరి దాటి, నిర్మల్ మీదుగా ఖానాపూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిపొడవునా దేవదాస్ శంకరవ్వ కట్టిన సద్ది తింటూ, జప్తుకు పోయిన ఇళ్ళలో తనను తిట్టిన తిట్లన్నీ వరుసగా చెప్పాడు. మనిషి మంచివాడే.

కారును చూడగానే పర్శరాములు ఇంట్లోకి పోయాడు. వెనక దర్వాజ లోంచి బయటపడేసరికి ఎదురుగా శంకరవ్వ నిలబడి ఉంది.

"ఏం తమ్మీ, మమ్ముల జూసి చాయ్‌పత్త కోసం ఉరుకుతున్నవా?"

చేసేది లేక ముందుకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాని నోరు మాత్రం తగ్గలేదు.

"నేను మోసం చేసిన్నా? బుక్కు లేదని చెప్పలేదా? నువ్వే గదనే ఒద్దన్నది!"

దేవదాస్ నా వైపు తిరిగాడు. నేను అరుగు మీద సున్నం వైపు చూశాను. అన్నది నిజమే మరి.

శంకరవ్వ అందుకుంది. "ఒద్దన్నది బుక్కు. నీ అప్పు గూడ కావాల్నన్నడా?"

పర్శరాములు తలగోక్కున్నాడు. లోపలికి పోయి ఐదు వందలు తెచ్చి పెట్టాడు. వానకాలం కూపులు బందు, చేతిలో అంతకు మించి లేదని పిల్లల మీద ఒట్టేశాడు. పోలీసు ఠాణాకు పోదామని దేవదాస్ సైగ చేశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఠాణాకు పోతే పర్శరాములు లోపల కూర్చుంటాడు, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను, పైసలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

కొట్టంలో కలప లాగే ఎడ్లు కట్టేసి ఉన్నాయి. పని లేక మేత మాత్రం తింటున్నాయి. అందులో ఒక తెల్ల జత మీద నా కన్ను పడింది. ఎత్తైన ఎడ్లు, వెడల్పు గుండె. కుడివైపుది వెనక కాలు నేల మీద ఆనించడం లేదు.

"దానికేమైంది?"

"నెల సంది కుంటుతుంది. ఎముకల ఏదో అయ్యింది. జత మొత్తం పావలాకు గూడ అడుగుతలేరు."

కాలు ఎత్తి చూశాను. గిట్టకు కొట్టిన ఇనుప నాలులో ఒక మేకు వంకరగా పోయి మాంసంలో దిగింది. అక్కడే వేడిగా ఉంది. ఎముకకు ఏమీ కాలేదు. నేను కాలు దించి, విచారంగా నాలుక చప్పరించాను.

"పర్శరాములూ, జత మూడు వందలకు కట్టుకుంట. నీ ఐదు నూర్లు, గీ మూడు నూర్లు. మిగిలిన నాలుగు నూర్లు నా కర్మ అనుకుంట. బండి నాకు అమ్మినట్టు సంతకం చెయ్యి, ఎడ్లకు రసీదు రాయి."

ఎక్కడ మనసు మారుతుందోనని ఆయన నిలబడే సంతకాలు చేశాడు.

శంకరవ్వ పుట్టిల్లు నిర్మల్. సాయంత్రానికి ఎడ్లను ఖాళీగా పోయే లారీలో అక్కడికి చేర్చి, ఇంటి ముందే పటకారుతో మేకు లాగేశాను. చెడు నెత్తురు కారింది. ఎద్దు ఒకసారి కాలు విదిలించి, మెల్లగా నేల మీద ఆనించింది. దేవదాస్ అదంతా చూస్తూ నిలబడ్డాడు.

"మీకు ఆడ్నే తెల్సా?"

"తెల్సు."

"మరి చెప్పలేదేంది?"

"ఆయన నన్ను అడగలే సారూ. ఆయన బుక్కు దాచిండు, నేను మేకు దాచిన. ఆయన దాచినదానికి పన్నెండు నూర్లు, నేను దాచినదానికి ఎంతనో అంగట్ల తెలుస్తది."

దేవదాస్ నాకు ఎనిమిది రోజుల గడువిచ్చాడు. అప్పటిదాకా కారు సేటు ఆవరణలో ఉండాలన్నాడు. నేనే నడుపుకుంటూ పోయి అక్కడ పెట్టాను. తాళం చెవి ఆయన చేతికిచ్చి బస్సులో నిర్మల్‌కు తిరిగి వస్తుంటే, కిటికీ పక్క సీటు దొరికినా గోదావరి వైపు చూడబుద్ధి కాలేదు. ఆ ఎద్దు కాలు బాగుపడకపోతే ఉన్న పెట్టుబడి ఊడ్చి కట్టాలి, లేదంటే కారు సేటుదే.

శంకరవ్వ రోజుకు మూడుసార్లు పసుపు, వేపాకు వేసి కాచిన నీళ్ళతో గిట్ట కడిగింది. నాలుగో రోజుకు వాపు దిగింది. ఆరో రోజు అంగట్లో జత నిలబెడితే చుట్టూ జనం మూగారు. ఒక మరాఠీ రైతు నా చేతి మీద తువ్వాల కప్పి, ధర ఎవరికీ వినబడకుండా వేళ్ళు పట్టుకొని బేరానికి దిగాడు. ఆయన ఏడు వందల దగ్గర మొదలుపెట్టాడు. తువ్వాల తీసేసరికి ఎనిమిది వందల డెబ్భై.

ఎనిమిదో రోజు పొద్దున్నే ఇద్దరం నిజామాబాద్ పోయాం. సేటు గద్దె మీద కూర్చొని పన్నెండు వందలు రెండుసార్లు లెక్కపెట్టాడు. కాగితం మీద బాకీ లేదని రాసి సంతకం చేశాడు. పెట్టెలోంచి బుక్కు తీసి నా చేతిలో పెట్టబోతుంటే శంకరవ్వ మధ్యలో చేయి చాపి తీసుకుంది. రవికలో పట్టదని చూసి, కొంగులో మూట కట్టుకుంది. మేత, కొత్త నాలు, లారీ, బస్సు చార్జీలు పోను నాకు మిగిలింది నూట నలభై. కారు ఇప్పుడు పూర్తిగా నాది.

ఆవరణలో ఎనిమిది రోజులు వానలో నిలబడి అది మొండికేసింది. హ్యాండిల్ తిప్పితే దగ్గింది తప్ప లేవలేదు. సరిగ్గా అప్పుడే సేటు కోసం కొత్త లారీ వచ్చి గేటు బయట హారన్ కొడుతోంది. నా బండి కదిలితే గాని అది లోపలికి రాదు.

దేవదాస్ సంచి పక్కన పెట్టి, తోయడానికి కారు వెనక్కి వచ్చాడు. ఇద్దరు హమాలీలు వచ్చారు. అయినా బురదలోంచి కదలలేదు. చివరికి సేటే పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి దిగి వచ్చాడు.

"అరె గట్టయ్యా, ఎవని బండి అని నన్ను తోయమంటున్నవ్?" అన్నాడు ఆయాసంతో.

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. ఈ జవాబు చెప్పడం కోసం నేను మూడు వేలు, ఎనిమిది రోజులు ఖర్చు పెట్టాను.

"నాదే సేటూ! జర గట్టిగ తొయ్యుండ్రి!"