తిరగేసిన చొక్కా

"నాలుగింటికి రా. ఇంకోసారి పరీక్ష పెడతాను" అని మా మేడం ఫోన్‌లో చెప్పేసరికి, చేతిలోని తడి తువ్వాలు దండెం మీద వెయ్యబోయి మా ఆయన భుజం మీద వేశాను. ఆయన దాన్ని తియ్యనూ లేదు. పెళ్లయి నలభై రోజులే కదా, ఇలాంటివి మాకింకా ముద్దుగానే ఉన్నాయి.

నేను అంబులెన్సు కోర్సులో చేరాను. రాతపరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. గుండెలో ఎన్ని గదులు, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు, అన్నీ కంఠతా వచ్చు. నిన్న ఒక మనిషిని పడుకోబెట్టి కాలేయం ఎక్కడో చూపించమంటే మాత్రం ఆ మనిషి ఎడమవైపు చూపించాను. పుస్తకంలోని బొమ్మలో అది నా ఎడమ పక్కనుంది. అలాగే ఎడమని బట్టీ పట్టేశాను. కుడివైపని మేడం దిద్దారు. ఇవాళ కూడా తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు.

మా అత్తయ్య దర్జీ. ముందుగదిలో సగం ఆవిడ కత్తిరింపు బల్లే. దానిమీద మా ఆయన్ని చొక్కా విప్పించి పడుకోబెట్టి, కాళ్ల వైపు నిలబడి, అత్తయ్య సుద్దముక్కతో అవయవాలు గీయడం మొదలుపెట్టాను. ఆయనకి కితకితలెక్కువ. పక్కటెముకల దగ్గరికి రాగానే చేపలా ఎగిరిపడ్డారు. ఒక ఊపిరితిత్తి చంక దాకా పోయింది.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని వచ్చి, కాలేయం ఎటుండాలని అడిగారు. కుడివైపని చెప్పాను.

"మరి వాడి ఎడమ పక్క గీశావేంటమ్మాయ్?"

"నాకు కుడిపక్కే కదా అత్తయ్యా."

"జాకెట్టు తొడుక్కునేది నువ్వా, కుట్టించుకున్నావిడా? మా పనిలో కుడి అంటే తొడుక్కునేవాళ్ల కుడే. బట్ట తిరగేసినా, తలకిందులుగా వేలాడదీసినా, కుడి చెయ్యి కుడి చెయ్యే."

తనను వేలాడదీసి మాత్రం చూడొద్దని మా ఆయన బల్లమీంచే మనవి చేసుకున్నారు.

అత్తయ్య వినిపించుకోలేదు. ఆయన పాత చొక్కాకి గుడ్డపీలికలు పిన్నులతో గుచ్చారు. కుడి పక్కటెముకల కింద మెరూన్ మఖమల్ కాలేయం. ఎడమవైపు ఊదారంగు ముక్క ప్లీహం. కుడి పొత్తికడుపు దగ్గర వేలాడే దారప్పోగు అపెండిక్సు. అది తొడిగి ఆయన్ని నడిపించాం, కూర్చోబెట్టాం, తిప్పాం. ఇరవైసార్లయ్యాక కళ్లు తిరుగుతున్నాయన్నారు. నాడి చూస్తే డెబ్భై ఎనిమిది, అంటే అంతా నటన. చెయ్యి వదలకుండా ఇంకాసేపు చూస్తే తొంభైకి చేరింది. దానికి కారణం పుస్తకంలో లేదు.

నాలుగింటికి వెళ్లేసరికి అంబులెన్సు డ్రైవరుగారు రోగిలా చాపమీద బోర్లా పడుకుని ఉన్నారు. ఇంట్లో మా ఆయన్ని ఒక్కసారి కూడా బోర్లా వెయ్యలేదు.

ఇతను బండిమీంచి పడ్డాడనుకో, ఎడమ పక్కటెముకలకి అడుగున దెబ్బ తగిలింది, ఒళ్లు చల్లబడింది, నాడి పరిగెడుతోంది, లోపల ఏం తెగి ఉండొచ్చని మేడం అడిగారు. నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అప్పుడు డ్రైవరుగారి చొక్కా కనిపించింది. తిరగేసిన చొక్కా, అంతే కదా. ముందు ఎడమ చెయ్యి ఎక్కడుందో వెతికాను. ఆ వైపే కిందికి జరిగి, నొక్కకుండా అరచెయ్యి ఆనించాను.

"ప్లీహం మేడం. లోపల రక్తం కారుతుండొచ్చు. తొందరగా ఆసుపత్రికి చేర్చాలి."

"కాలేయం?"

తడుముకోకుండా రెండో వైపు చూపించాను. ఆవిడ కాగితం మీద ఏదో టిక్కు పెట్టి, పాసయ్యావన్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడా ఎలా వచ్చిందని అడిగితే చొక్కా సంగతంతా చెప్పాను. డ్రైవరుగారు తల ఎత్తకుండానే, అలాంటిది తనకీ ఒకటి కుట్టించమన్నారు, పొట్ట దగ్గర కాస్త వదులుగా. రోజూ ఆ చాపమీద పడుకునేది ఆయనే మరి. క్లాసులో ఇంకా చాలామంది ఇక్కడే తప్పుతున్నారని, కుట్టిస్తే మంచిదేనని మేడం కూడా అన్నారు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే, మా ఆయన ఒంటిమీది సుద్దగీతలు ఇంకా కడుక్కోకుండానే నన్ను ఎత్తి తిప్పేశారు. అత్తయ్య మాత్రం టేపు చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నారు.

"రేపు పొద్దున్నే నీతో నేనూ వస్తాను. ఆ డ్రైవరు కొలతలు తీసుకోవాలి."