వరద గీత

ఆ ఊరి భూగోళం చెప్పడం చాలా తేలిక. మూడు వైపులా ఏరు, నాలుగో వైపు గుట్ట. నీళ్ళు మూడు వైపుల నుంచీ వస్తాయి, అధికారులు నాలుగో వైపు నుంచి వస్తారు. ఇద్దరూ చెప్పి రారు. చరిత్ర ఇంకా తేలిక. కోట ఉండేదని చెప్పుకునే చోట ఒక మొండిగోడ ఉంది, దాని చాటున లారీలు నిలుపుకుంటారు. పడవలు రాని పడవల రేవొకటి ఉంది. ఇవి పోగా మిగిలింది పెద్ద వరద. అది డెబ్బై ఏళ్ళ కిందట వచ్చిపోయింది. ఆ తర్వాత చెప్పుకోదగ్గదేదీ జరగలేదు కాబట్టి జనం దాన్నే అరగదీసి చెప్పుకుంటున్నారు.

ఏటి వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ వరద గీత ఉంటుంది. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చూపించే ఎర్ర గీత. వానలకు ముందు గోడలకు సున్నం వేస్తారు, గీత కనబడకుండా పోతుంది, మళ్ళీ గీస్తారు. గీసేటప్పుడు ఎవరూ కొలవరు. ఎక్కువ మునిగిన ఇంటికి ఎక్కువ పరువు కాబట్టి చెయ్యి దానంతటదే కాస్త పైకి పోతుంది.

భూగోళం మాస్టారు ఈ పరువు కోసం పుట్టిన మనిషి. బడి నుంచి రిటైరయ్యాక ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం కూడా వేశారు. అందులో సగం వరదే. ఎదురింటి నూనెమిల్లు ఆసామి ఆయనకు వియ్యంకుడు. పిల్లనిచ్చిన చోట ఒక మెట్టు దిగి ఉండాలంటారు. మాస్టారు అన్నిట్లోనూ దిగారు గానీ వరదలో దిగలేదు. వియ్యంకుడు గీతను కిటికీ దాటిస్తే, ఈయన గుమ్మం దాటించారు. ఆయన నిచ్చెన తెప్పించాడు. ఈయన బల్ల మీద కుర్చీ వేశారు. నిరుటికి రెండు గీతలూ దూలాలకు ఆనుకున్నాయి. ఆ లెక్కన ఏరు గుట్టనెక్కి అవతలికి దిగి ఉండాలి.

మాస్టారి అత్తగారు మాత్రం వరదను కళ్ళారా చూసిన మనిషి. అప్పటికి ఎనిమిదేళ్ళది, మాస్టారుంటున్న ఇల్లే ఆవిడ పుట్టిల్లు. పుస్తకానికి ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు. సాక్షులుంటే చరిత్ర రాయడం కష్టం.

ఆ వేసవిలో నాలుగో వైపు నుంచి కబురొచ్చింది. పల్లపు ఇళ్ళు పడగొట్టి, మనుషుల్ని గుట్ట వెనక రేకుల ఇళ్ళకు పంపుతారట. సర్వేయరు ఇంటింటికీ వచ్చి గీత చూస్తాడు. నడుమెత్తు దాటితే తలుపు మీద ఇంటూ గుర్తు.

మర్నాటికి ఊళ్ళో సున్నం దొరకలేదు. వియ్యంకుడు పరుగున వచ్చాడు.

"బావగారూ, అసలు వరద ఎంతొచ్చింది? పుస్తకం రాసినవారు, మీరే చెప్పాలి."

"చరిత్రను మళ్ళీ పరిశీలించాలి," అన్నారు మాస్టారు.

"పరిశీలిద్దాం. ఎంతకి?"

"చీలమండ."

వియ్యంకుడు వంగి తన కాలు చూసుకున్నాడు. "అయితే మా ఇంట్లో మడమ దాకా పెడతా."

దించడంలోనూ ఆయన పోటీ మానలేదు.

మాస్టారికి ఆ ఇల్లంటే ప్రాణం. ఇల్లరికం వచ్చిన రోజున ఆయన దగ్గరున్నవి ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు. ఊళ్ళో ఆయన్ను మనిషిగా నిలబెట్టింది ఈ ఇల్లే. అందుకే స్వయంగా పాత గీత మీద సున్నం కొట్టి, నేల మీద చతికిలబడి, చీలమండెత్తున కొత్త గీత గీశారు. మంచం మీంచి అత్తగారు చూస్తోంది.

"అంత కిందనా, అల్లుడుగారూ?"

"వరద అంతే వచ్చింది అత్తయ్యగారూ. గుమ్మం తడిసింది, అంతే."

"మరి మా తమ్ముడు చీలమండ లోతు నీళ్ళల్లో కొట్టుకుపోయాడా?"

కుంచె ఆగిపోయింది. వంటింట్లోంచి మాస్టారి భార్య వచ్చి నిలబడింది. తనకో మేనమామ ఉండేవాడని ఆవిడకూ అప్పుడే తెలిసింది.

"అమ్మ నన్ను అటక మీదికి తోసింది. వాణ్ణి తోసేలోగా నీళ్ళు లాగేశాయి. అదుగో, ఆ చిలకకొయ్య పట్టుకు వేలాడాడు. కొయ్య దాకా వచ్చాయి నీళ్ళు. నేను చెయ్యి చాచాను, అందలేదు." ముసలావిడ గొంతు మామూలుగానే ఉంది. "మీరు గీత పైకి గీస్తుంటే ఊరుకున్నా. అన్ని నీళ్ళల్లో పసివాడేం చేస్తాడులే అనుకుంటారని. ఇంత కిందికి దించితే ఎలా నాయనా?"

మాస్టారు కొయ్య వైపు చూశారు. దానికి ఆయన చొక్కా వేలాడుతోంది. పెళ్ళైన నాటి నుంచీ రోజూ దానికే తగిలిస్తున్నారు. ఆ పిల్లాడి పట్టు జారకపోతే ఈ ఇంటికి మగదిక్కు ఉండేది, ఇల్లరికపు అల్లుడితో పనే ఉండేది కాదు. ఇన్నేళ్ళూ ఆ చావును ఎదురింటి వాళ్ళతో పందెంలా ఎత్తుతూ వచ్చినందుకు ఆయనకు ప్రాణం చచ్చిపోయినంత సిగ్గేసింది.

"ఏవండీ," అంది భార్య, "ఇల్లు పోతుందేమో."

"పోతుంది," అని ఆయన కుంచె తీసుకుని లేచారు.

సర్వేయరు వచ్చి ఎదురింట్లో వంగి చూశాడు, ఇక్కడ తలెత్తి చూశాడు.

"అక్కడ మడమ, ఇక్కడ చిలకకొయ్య. ఏటికి మీ ఇంటి మీదే కోపమా మాస్టారూ?"

"మా బావగారికి ఎండదెబ్బ తగిలిందండీ!" అని వీధి అవతల నుంచి కేకేశాడు వియ్యంకుడు.

"ఏరు ఇంతే వచ్చింది," అన్నారు మాస్టారు. "మా ఇంటి పిల్లాణ్ణి తీసుకుపోయింది. రాసుకోండి."

సర్వేయరు రాసుకున్నాడు. ఏ ఇంటి గీత ఆ ఇంటికే చెల్లుతుందని పైవాళ్ళ ఉత్తర్వు. కాబట్టి ప్రభుత్వం లెక్క ప్రకారం ఆ వీధిలో ఏరు ఒక్క ఇంట్లోకే చొరబడి, ఇరుగుపొరుగు వాళ్ళ గుమ్మాల్లో కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయింది. వీధంతటికీ ఒక్కటే ఇంటూ గుర్తు పడింది. వియ్యంకుడు సానుభూతికి వచ్చి, గుమ్మం తలుపులు ఎంతకిస్తారో కనుక్కుని వెళ్ళాడు.

ఇల్లు ఖాళీ చేసే రోజున సామానంతా బండికెక్కింది. అత్తగారు మాత్రం గదిలోంచి కదల్లేదు. మాస్టారు చొక్కా తీసి భుజాన వేసుకుని, గునపంతో గోడ తొలిచి, కొయ్య ఊడబీకి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ లేచి వచ్చి బండెక్కింది. గుట్ట దాటేదాకా రెండు చేతుల్తోనూ దాన్ని పట్టుకునే ఉంది, బండి కుదుపులకు కూడా వదల్లేదు.