అప్పజెప్పిన అక్షరాలు

మా ఆవిడ పనిచేసిన మందుల గోదాములో, మేడ మీది గదిలో, నన్ను ఆమె కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆమె టోకెన్ నా దగ్గర ఉండిపోతే ఇచ్చేసి పోదామని వెళ్లాను. కంప్యూటర్‌కి గుచ్చి ఆమె సంతకం పెట్టే, చిటికెన వేలంత వస్తువు అది.

ఆసుపత్రుల ఆర్డర్లు సీలు వేసినట్టు భద్రంగా ఆ గదిలోని కంప్యూటర్‌కి వస్తాయి. ప్రతిదానికీ ఇక్కడినుంచి సంతకంతో రసీదు వెళ్తేనే అందినట్టు లెక్క. ఆ సంతకం ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. ఆ సాయంత్రంతో దాని గడువు తీరిపోతుంది.

ఆమె పని ఇప్పుడు తొందరయ్య చూస్తున్నాడు. ఆ పేరు ఆమె పెట్టిందే. నలభై దాటినా అతనికి నిదానం రాలేదు. అతని పేరుతో తయారైన కొత్త సంతకం ఆసుపత్రులకు వెళ్లింది గానీ, అది అసలైనదని వాళ్లు నమ్మాలి.

"ఒక్కసారి ఆ టోకెన్ గుచ్చి పిన్ కొట్టండి బావగారూ. కొత్తది నిజమైనదేనని అక్క సంతకంతో అందరికీ వెళ్లిపోతుంది. చిటికెలో పని."

"అది అక్క పెట్టిన సంతకం అవదు కదా," అన్నాను.

అతను తల దించుకున్నాడు. నమ్మకపోతే రేపటినుంచి మందులు ఆగిపోతాయని నెమ్మదిగా చెప్పాడు. ఇంకో దారి లేదా అని అడిగాను. ఉందన్నాడు: ప్రతి ఆసుపత్రికీ ఫోన్ చేసి, కొత్త సంతకం గుర్తుగా ఉండే అక్షరాలూ అంకెలూ చదివితే, వాళ్లు తమ తెర మీద సరిచూసుకుంటారు. కాకపోతే చాంతాడంత ఉంటుందట.

"డిక్టేషనే కదా. బడిలో ఇన్నేళ్లుగా చేస్తున్న పనే," అన్నాను.

అతను ఫోన్ కలిపి ఇచ్చేవాడు, నేను చదివేవాణ్ణి. అవతలివాళ్లు తిరిగి చెప్పేదాకా ముందుకు కదల్లేదు. ఇంట్లో ఆమెదీ ఇదే పద్ధతి. ఉప్పు తెమ్మన్నప్పుడు ఊఁ అంటే ఊరుకునేది కాదు. "ఊఁ కాదు, ఏం తెమ్మన్నానో చెప్పు," అనేది. చెప్తే, పంతులు చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నానని నవ్వేది.

చివరి ఫోన్ పెద్దాసుపత్రి మందుల స్టోరుకి. ఎత్తింది ఒక పెద్దావిడ. అన్నీ తప్పు లేకుండా తిరిగి చెప్పింది. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

"ఇలాంటివి ఎప్పుడూ ఆ అమ్మాయే చెప్తుంది. మీరెవరో నాకు తెలీదు. ఆమెనొకసారి మాట్లాడమనండి."

తొందరయ్య ఫోన్ కోసం చెయ్యి చాపాడు. వద్దని సైగ చేశాను. ఆ కబురు చుట్టాలకి ఆమె సొంత తమ్ముడు చెప్పాడు, బడిలో హెడ్మాస్టరు చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

"నేను ఆమె భర్తనండి. ఆమె చనిపోయింది."

 పెద్దావిడ, అంతవరకూ అక్షరాలను చెప్పినట్టే, మెల్లగా తిరిగి చెప్పింది.

"ఆమె చనిపోయింది. విన్నాను నాయనా. మీ కొత్త సంతకం ఒప్పుకుంటున్నాను."

టోకెన్ బల్ల మీద పెట్టి లేచాను. పిన్ తొందరయ్య అడగలేదు. మెట్ల దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్తారు కదా బావగారూ అన్నాడు.

ఊఁ అనబోయి, ఆగాను.

"జాగ్రత్తగా వెళ్తాను," అన్నాను.