ఐదు గిద్దల సోల

నేను ఒక గిద్దను. అదీ నిండు గిద్దను కాదు, సొట్ట గిద్దను. గిద్ద అంటే ఏమిటో తెలియని కాలం వచ్చింది గనక ముందు నా వంశం చెప్పుకోవాలి. కిలోలూ లీటర్లూ రాకముందు ఈ దేశంలో నూనె, పాలు, పప్పు, బియ్యం అన్నీ మాతోనే కొలిచేవారు. కుంచం, మానిక, తవ్వ, సోల అని మాదో పెద్ద కుటుంబం. అందులో చిన్నవాణ్ణి నేను. సోలలో నాలుగో వంతు.

శ్రీకాకుళం వైపు ఒక ఊళ్ళో అప్పలాచారి అనే కంచరి నన్ను ఇత్తడితో పోశాడు. మనిషి ముక్కోపి. చేసిన వస్తువును ఊరికే నమ్మేవాడు కాదు. నాతో నీళ్ళు ముంచి నాలుగుసార్లు సోలలో పోశాడు. నాలుగోసారి సోల నిండి బొట్టు ఒలికింది. "నువ్వెక్కువున్నావురా" అని తిట్టి, నా అంచు ఆకురాయితో రాసి, మళ్ళీ పోశాడు. ఈసారి సరిగ్గా నిండింది. ఆ పూట నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. నాలుగు నేనులు కలిస్తే ఒక సోల! లోకంలో నా స్థానం తేలిపోయింది అనుకున్నాను.

అది తేలలేదు. నన్ను కొన్నవాడు లింగమూర్తి అనే నూనె వర్తకుడు. నుదుట విభూతి, నోట శివనామం, చేతిలో సుత్తి. ఒకనాడు కొట్టు మూశాక నన్ను బోర్లించి అడుగున ఒక దెబ్బ వేశాడు. అడుగు లోపలికి కాస్త వంగింది. మర్నాడు ఎవరూ ఏమీ అనలేదు. దాంతో ధైర్యం వచ్చి ఇంకోటి వేశాడు, ఆ తర్వాత మరొకటి. బయటికి నేను అంతే ఎత్తు, అంతే వెడల్పు. లోపల మాత్రం నూనె తగ్గింది. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు మహా గడుసువాళ్ళే, నూనె అంచుదాకా పోశాడా లేదా అని కళ్ళు చిట్లించి చూసేవారు. ఒక్కరు కూడా నన్ను తిరగేసి చూడలేదు. మనుషులది చిత్రమైన అలవాటు, అంచు చూస్తారు గానీ అడుగు చూడరు.

తర్వాత లీటర్లు వచ్చాయి, నేను అటక ఎక్కాను. లింగమూర్తి పోయాడు, ఆయన మనవలు ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటు కట్టారు, నేను పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ ఎవరిదో ఒక ఇత్తడి సోల నా పక్కన పడుంది. ఇంకో వారమైతే ఇద్దరం కరిగి ఏ గంటగానో కుళాయిగానో మారేవాళ్ళం. అప్పుడు వచ్చింది హైమ టీచరు. "ఈ గిద్దా, సోలా కరిగించకండి, నాకు కావాలి" అంది. కొట్టువాడు ఆవిడని ఎగాదిగా చూశాడు. పూజకా అని అడిగాడు. "కాదు, లెక్కలకి" అంది.

ఆవిడ ఎందుకొచ్చిందో తర్వాత తరగతి గదిలో విన్నాను. ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడానికి ఆవిడ కొత్తగా వచ్చింది. మొదటి పాఠం అకరణీయ సంఖ్యలు. మొదలెట్టేముందు ఊరికే, గొంతు సవరించుకున్నట్టు, ఒకటి బై నాలుగు పెద్దదా, ఒకటి బై ఐదు పెద్దదా అని అడిగింది. ఐదే పెద్దది టీచర్ అని తరగతంతా ముక్తకంఠంతో అంది. సరే, రెండూ కలిపితే ఎంత? "రెండు బై తొమ్మిది!" పైవి పైవి కలిపారు, కిందవి కింద కలిపారు. చక్కగా, ఒక్క పొల్లు పోకుండా తప్పు చేశారు.

ఆవిడ కుర్చీలో కూలబడి, ఇంకో ప్రశ్న అడిగింది. "పావుకిలో బెల్లం, అరకిలో బెల్లం కలిపితే?"

"ముప్పావు!" కిటికీలు అదిరాయి.

"మరి ఒకటి బై నాలుగు, ఒకటి బై రెండు?"

"రెండు బై ఆరు!"

అదే నోరు, అదే నిమిషం. పావు, అర, ముప్పావు అనే మాటల్ని ఆ పిల్లలు చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి వస్తున్నారన్నమాట. లోపల బోర్డు మీద ఉన్నది వేరే లోకం. నేను ఎన్నో వింతలు చూశాను గానీ, తెలిసినదాన్ని తెలియదనుకునే వింత వినడం ఇదే మొదటిసారి.

ఎవరి తప్పు? ఐదో తరగతివారు నాలుగువారిని అంటారు, నాలుగువారు మూడువారిని. నువ్వుల నూనె కొట్టులో పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన సామెత ఒకటే, తిలాపాపం తలా పిడికెడు. సాటి ఉపాధ్యాయులు హైమ టీచరుకు మంచి సలహాలే ఇచ్చారు. పునాది ఎవరో వెయ్యకపోతే మీరేం చేస్తారు, సిలబస్ లాగించెయ్యండి అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, భిన్నాలు రాని పిల్లలకు బహుపదులు చెప్పమని ఆ సలహా.

పైగా హెడ్మాస్టరు ధర్మారావుగారి పద్ధతి ఒకటుంది. ఆ బడిలో పదో తరగతి ఫలితం ఏటా నూటికి నూరు. ఎలాగంటే, తొమ్మిదిలో లెక్కలు తప్పినవాళ్ళ పెద్దల్ని పిలిచి, టీసీ చేతిలో పెట్టి, "టెన్త్ వేరేచోట రాయించుకోండి" అని మెత్తగా చెప్పేవారు. ఆ ఏడు ఆయన మనసులో మొదటి పేరు మంగవేణి.

మంగవేణి ఆఖరి బెంచీ పిల్ల. లెక్కల తరగతిలో నోరు విప్పి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. తల్లీ తండ్రీ వలస పనుల్లో ఎక్కడో ఉన్నారు. మామ్మ తౌడమ్మ సంతలో వేరుశనక్కాయలు అమ్మి సాకుతోంది. టీసీ ఇచ్చేస్తే ఆ పిల్ల ఇంకో బడికి పోదు, జీడిపిక్కలు కొట్టే షెడ్డుకు పనికి పోతుంది. ఈ సంగతి హైమ టీచరుకు తెలుసు, మంగవేణికి అంతకన్నా బాగా తెలుసు.

ఇక నా కథకొస్తాను. టీచరు మమ్మల్ని చింతపండుతో తోమి తరగతికి తెచ్చింది. బల్ల మీద బకెట్టుతో నీళ్ళు పెట్టింది. "ఇది గిద్ద, ఇది సోల. నాలుగు గిద్దలు ఒక సోల. అంటే గిద్ద సోలలో ఒకటి బై నాలుగు. పోసి చూపిస్తాను" అంది ఉత్సాహంగా. నా గుండె జారిపోయింది. ఆవిడ కూడా తోమిందే గానీ, నన్ను తిరగేసి చూడలేదు మరి!

ఒకటి పోసింది. రెండు, మూడు, నాలుగు. సోల నిండలేదు. ఇంకా వేలెడు జాగా ఉంది. తరగతి గొల్లుమంది. టీచరు ముఖం ఎర్రబడింది. "నేనే సరిగ్గా పోయలేదేమో" అని మళ్ళీ నాలుగు పోసింది. మళ్ళీ అంతే. ఒకడైతే "టీచర్, నాలుగు కాదేమో, మీకు తప్పు సెప్పీసినారేమో" అన్నాడు. ఇత్తడిని కాబట్టి సరిపోయింది, లేకుంటే సిగ్గుతో అక్కడే కరిగిపోయేవాణ్ణి.

అప్పుడు వెనకబెంచీ నుంచి సన్నటి గొంతు వచ్చింది. "గిద్దే తప్పండి."

తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. మంగవేణి లేచి నిలబడి ఉంది. లేచినందుకు తనే భయపడుతోంది.

"నాలుగు గిద్దలు సోలేనండి. మా మామ్మ రోజూ కొలుస్తాది, ఎప్పుడూ తప్పనేదు. నాలుగుకి నిండనేదంటే గిద్దే తక్కువన్నమాట. బోర్లించి సూడండి."

నా జన్మలో మొదటిసారి ఒక మనిషి, హైమ టీచరు, అడుగు చూడ్డానికి నన్ను తిరగేసింది. సొట్ట కనబడింది. టీచరు నవ్వలేదు, నన్ను పక్కన పడెయ్యలేదు. ఆవిడ కళ్ళు మెరిశాయి. "అయితే మంగవేణీ, ఈ గిద్ద ఎన్ని పోస్తే సోల నిండుతుంది?" అంది.

మంగవేణి వచ్చి పోసింది. అయిదోది పోసేసరికి సోల అంచుకు సరిగ్గా నీళ్ళొచ్చాయి. లింగమూర్తి సుత్తికి ఎంత లెక్క తెలుసో చూడండి, నాలుగో వంతును కొట్టి కొట్టి ఐదో వంతు చేశాడు.

మర్నాడు ఆ పిల్ల ఇంటి నుంచి మామ్మ గిద్ద పట్టుకొచ్చింది. రేకుది. తుప్పుపట్టిన మొహం వేసుకుని నా పక్కన కూర్చుంది. ఇత్తడికి రేకు సాటా అని నాకు ఒళ్ళు మండింది గానీ, అది నిండు గిద్ద, నేను సొట్ట గిద్ద, ఏమనగలను? బోర్డు మీద రేకు గిద్ద కింద ఒకటి బై నాలుగు అనీ, నా కింద ఒకటి బై ఐదు అనీ రాశారు. "ఏది పెద్దది?" అని టీచరు అడిగితే ఈసారి ఎవరూ ఐదు అనలేదు. "ఎక్కువసార్లు పోయాల్సొస్తే గిద్ద సిన్నదన్నమాట" అంది మంగవేణి. రెండూ కలిపితే రెండు బై తొమ్మిదేనా అని టీచరు మళ్ళీ గుచ్చింది. మంగవేణి రేకు గిద్దలో నీళ్ళు సోలలో పోసి, దాని మీద నాతో పోసి, లోపలికి తొంగి చూసి, "ఇంచుమించు సగం సోలుందండి. రేకు గిద్ద ఒకటంటే రెండు బై ఎనిమిది. రెండు బై తొమ్మిది అంతకన్నా తక్కువ. రెండు పోసి ఒక్కదానికన్నా తక్కువెలగవుతాది?" అంది.

ఆ ఏడంతా మేము బల్ల మీదే ఉన్నాం. సిలబస్ వెనకబడింది. ధర్మారావుగారు రెండుమూడుసార్లు వచ్చి నీళ్ళ బకెట్టు వైపు అదోలా చూసి వెళ్ళారు. తొమ్మిదో తరగతికి నీళ్ళాటలేమిటని స్టాఫ్ రూములో అన్నారట కూడా.

వార్షిక పరీక్ష వచ్చింది. పేపర్లు దిద్దింది పక్క సెక్షను మాస్టారు. మంగవేణి గట్టెక్కడానికి ఒకే ఒక్క లెక్క తక్కువైంది. తౌడమ్మకు కబురెళ్ళింది. హెడ్మాస్టరు బల్ల మీద టీసీ సిద్ధంగా ఉంది. ముసలమ్మ వేలిముద్రకని ఎడమ బొటనవేలు కొంగుతో తుడుచుకుంటోంది. ఇవన్నీ నేను కళ్ళారా చూశాను, ఎందుకంటే హైమ టీచరు విషయం తెలిసి, తరగతిలోంచి ఉన్నపళంగా వచ్చింది, నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను. వెనకాల మంగవేణి.

టీచరు బల్ల మీదున్న మంగవేణి పేపరు తిరగేసింది. ఒక ప్రశ్న దగ్గర ఆగింది. "ఒకటి బై ఐదుకీ ఒకటి బై నాలుగుకీ మధ్య ఉండే అకరణీయ సంఖ్య ఒకటి రాయండి." మంగవేణి జవాబు: రెండు బై తొమ్మిది. దాని మీద ఎర్రగా ఇంటూ.

టీచరు ముఖం పాలిపోయింది. ఏడాది నీళ్ళు పోసి పోసి మళ్ళీ మొదటిరోజు దగ్గరికే వచ్చామా అనిపించి ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. "ఎందుకిలా రాశావమ్మా?" అంది నీరసంగా.

"కలిపినాననుకున్నారేటండి? కలపనేదు" అంది మంగవేణి. సోలా, రేకు గిద్దా, నీళ్ళూ తెప్పించమంది. హెడ్మాస్టరు బల్ల మీదే పెట్టింది. "రేకు గిద్దలు నాలుగు పోస్తే ఒక సోల. సొట్టవి అయిదు పోస్తే ఇంకో సోల. మొత్తం తొమ్మిది పోతలకి రెండు సోలలు. తొమ్మిదీ ఒకలాటి గిద్దలే అయ్యుంటే, ఒక్కోటి రెండు సోలల్లో తొమ్మిదో వంతు, అంటే రెండు బై తొమ్మిది. అలాటి గిద్ద సొట్టదానికన్నా పెద్దది, రేకుదానికన్నా సిన్నది. మద్దెలోదే కదండి?"

హైమ టీచరు వేళ్ళ మీద భాగహారం చేసుకుంది. తర్వాత, "సార్, ఇది కరెక్టు" అంది. "ఆన్సర్ కీలో వేరే జవాబు ఉంది. ఇదీ కరెక్టే."

ధర్మారావుగారు సాంఘికశాస్త్రం మనిషి. ఆయనకు లెక్క ఎంత ఎక్కిందో తెలియదు. నన్ను చేతిలోకి తీసుకుని బోర్లించి, సొట్ట మీద బొటనవేలు రాశారు. "ఇదెవరు కొట్టారు?" అన్నారు.

"అమ్మీవోడేనండి" అంది మంగవేణి. "లోపల తగ్గించీసి, నిండుగా ఉందని సూపించడానికి."

ఆ పిల్ల గిద్ద సంగతే చెప్పింది, ఇంకేమీ అనుకోలేదు. ధర్మారావుగారు మాత్రం గోడ మీద వరసగా వేలాడుతున్న నూటికి నూరు ఫలితాల ఫోటోల వైపు ఒకసారి చూశారు. చాలాసేపు నన్ను కింద పెట్టలేదు. తర్వాత టీసీ తీసి రెండుగా చింపి, "తౌడమ్మా, ఆ వేలు తుడుచుకోనక్కర్లేదు, ఇంటికెళ్ళు" అన్నారు.

ఇప్పుడు నేను లెక్కల గది బీరువాలో ఉంటాను. ఎండాకాలంలో ఒక కంచరి బడి గంట బాగుచెయ్యడానికి వచ్చి, నన్ను చూసి, "సొట్ట తీసీమంటారేటి, రెండు దెబ్బల పని" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పలాచారి చేసిన నిండు గిద్దను మళ్ళీ అవుతానని ఎన్నేళ్ళుగానో ఆశ. బీరువా తుడుస్తున్న మంగవేణి గబుక్కున నన్ను లాక్కుని గుండెకు అదుముకుంది.

"వొద్దు బాబూ! ఇది బాగైపోతే, వచ్చీ యేడు పిల్లలకి ఐదో వొంతు ఎక్కడ్నించి తెస్తాం?"

పోనీలే, అలాగే ఉంటాను అనుకున్నాను.