మావయ్యకి ట్యూబు

రబ్బరు వాసన.

ఎండకి కాగిన, పాత, నల్లటి రబ్బరు వాసన.

బందరులో ఆ షాపు ముందు నిలబడేసరికి కృపాకుమారి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఇనుప కడ్డీకి లారీ ట్యూబులు వేలాడుతున్నాయి. గాలి తీసేసిన ట్యూబులు. ఉప్పుగాలికి బద్ధకంగా ఊగుతున్నాయి.

ఆమె మొగుణ్ణి నీళ్లలో వదిలేసిన ట్యూబు కూడా ఒకప్పుడు ఈ కడ్డీకే వేలాడింది.

ఇప్పుడు ఇంకోటి కొనడానికి వచ్చింది.

మొగుడి తండ్రికి.

వాళ్లది నందివాడ అవతల ఒక ఊరు. ఊరి చివర పెద్ద చెరువు. ఒడ్డంతా గుర్రపుడెక్క, నడుమ లోతు. పడవ కొనలేనివాళ్లు లారీ ట్యూబులో కూర్చుని, కాళ్లు నీళ్లలో ఆడించుకుంటూ లోపలికి వెళ్తారు. గాలాలు వేస్తారు. కొర్రమీను పడితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పడకపోతే లేదు.

ఆమె మావగారు జకరయ్య అలాగే బతికాడు. కొడుకు ప్రభాకర్‌కీ అదే పని నేర్పాడు. పోయిన ఏడాది వానలకి ముందు కొడుక్కి ట్యూబు ఆయనే తెచ్చాడు. చవగ్గా దొరికిందని మురిసిపోయాడు.

దానికి అతుకు ఉంది. వాల్వు పక్కనే, అరచేయంత అతుకు.

"అతుకేసింది తెచ్చారేంటి మావయ్యా?"

"అతుకైతే ఏంటమ్మా, గట్టిగానే ఉంది. ఊరికే భయపడకు."

చెరువు నడుమ అతుకు ఊడింది. ప్రభాకర్‌కి ఈత వచ్చు. వచ్చినా… కాళ్లకి గాలం దారం చుట్టుకుంది. దారానికి గుర్రపుడెక్క చుట్టుకుంది. ఈత పనికిరాలేదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో మాటల్లేవు.

ఆమె వండుతుంది. కంచం తెచ్చి గడప దగ్గర పెడుతుంది. ఆయన తింటాడు. కంచం కడిగి అక్కడే బోర్లిస్తాడు. అంతే.

అవనిగడ్డ నుంచి అన్నయ్య వచ్చి పుట్టింటికి రమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు. ఎందుకు వెళ్లాలి? తను వెళ్లిపోతే ఆయనకి ఊపిరాడుతుంది. ఊపిరాడకూడదు. ఆయన తలెత్తిన ప్రతిసారీ తనే కనపడాలి. పొద్దున్నా తనే. రాత్రీ తనే.

ఆదివారం చర్చిలో, పక్కవాళ్ల కోసం ప్రార్థన చేయండి అంటారు పాస్టరుగారు. అందరూ కళ్లు మూసుకుంటారు. ఆమె మూసుకోదు. ముందు వరసలో వంగిన ఆయన మెడ వైపు చూస్తూ కూర్చుంటుంది.

పగకి కూడా తిండి కావాలి. ఆమె పనిచేసే రొయ్యల షెడ్డు మూతపడింది. ఇంట్లో బియ్యం అడుగంటాయి. అప్పుడు జకరయ్య మళ్లీ నీళ్లలోకి దిగుతానన్నాడు. కొడుకు పోయాక ఆయన ఆ చెరువు ముఖం చూడలేదు.

ఆమె కంచం పెట్టే చోటే డబ్బు పెట్టాడు.

"ట్యూబు నువ్వే చూసి తీసుకురా అమ్మాయ్. నేను చూసింది చాలు."

ఆమె డబ్బు తీసుకుంది.

గుడివాడ వచ్చింది. బస్సు మారింది. కిటికీ అవతల చేపల చెరువులు… చెరువు దాటితే చెరువు. ఎటు తల తిప్పినా నీళ్లే. ఆమె తల దించుకుంది. తల దించుకున్నా లోపల ఒక మాట తిరుగుతూనే ఉంది.

చవకది తెస్తే?

అతుకేసింది తెస్తే?

ఎవరడుగుతారు? చవగ్గా దొరికింది, తెచ్చాను. ఆయనా ఆ మాటే అన్నాడుగా.

"ఏం కావాలమ్మా? లారీదా, ట్రాక్టరుదా?"

షాపాయన పేరు గిరిధర్. చేతులకి నల్లటి పొడి. నవ్వు మొహం. ఆ నవ్వు మీద కూడా కోపం వచ్చింది ఆమెకి.

"చెరువులో కూర్చుని గాలం వేసుకోడానికి. ఎక్కువ పెట్టలేం."

"ఎవరికండీ? మనిషి లావా?"

"ముసలాయన. సన్నగా ఉంటాడు."

గిరిధర్ కడ్డీ మీంచి ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. "అయితే ఇది పట్టుకెళ్లండి. చవక. అతుకు చూసి భయపడకండి, రబ్బరు కంటే అదే గట్టి."

అతుకు.

ఆమె బొటనవేలు దాని అంచు మీద నడిచింది. చుట్టూ గట్టిగానే ఉంది. ఒక మూల మాత్రం… సన్నగా లేచి ఉంది. గోరు దూరింది. గిరిధర్ చూడలేదు. ఇంకెవరో ఫ్యాను బెల్టు అడిగితే అటు తిరిగాడు.

గోరు ఇంకాస్త లోపలికి వెళ్లింది.

ఇది చాలు — మాట నోటి దాకా వచ్చింది. ఎంత తేలిక! ఒక్క మాట. ఇంటికి తీసుకెళ్లి గడప దగ్గర పడేస్తే చాలు. మిగతాది నీళ్లు చూసుకుంటాయి. వంగిన ఆ మెడ నీళ్ల మీద కాసేపు కనపడుతుంది, తర్వాత కనపడదు.

తర్వాత?

తర్వాత ఆ ఇంట్లో ఎవరుంటారు?

ఎవర్ని చూసి పళ్లు కొరుకుతూ నిద్ర లేవాలి? ప్రభాకర్ చిన్నప్పుడు ఎలా ఉండేవాడో తెలిసినవాడు ఇంకెవడున్నాడు? ఆ మనిషి పోతే ప్రభాకర్ ఇంకోసారి పోతాడు.

"ఇది వద్దు," అంది. "ఇంకోటి చూపించండి."

కొత్త లారీ ట్యూబు చూపించాడు. నిగనిగలాడుతోంది. దాన్నీ వద్దంది. గాలంతా ఒకే అరలో. పోతే అంతా పోతుంది.

మూల నుంచి గిరిధర్ ఇంకోటి లాగాడు. గుండ్రంగా లేదు. లాడం ఆకారంలో ఉంది. నడుమ బట్ట సీటు, వెనక వీపు ఆనించుకునే దిండు. ఒకప్పుడు ఆకుపచ్చ రంగు, ఇప్పుడు వెలిసిపోయింది.

"దీన్ని ఫ్లోట్ ట్యూబ్ అంటారండి. గాలం వేసుకోడానికే చేస్తారు. ఎవరో సరదాకి తెప్పించుకుని, వద్దని నాకిచ్చేశారు. సంచీ జిప్పు పనిచేయదు. రంగు పోయింది. అందుకే తగ్గించి ఇస్తున్నా."

"గాలి?"

"రెండు పక్కలా విడివిడిగా ఉంటుంది. ఒకటి పోయినా రెండోది ఒడ్డుకి తెస్తుంది. ముందు తెరిచే ఉంటుంది కాబట్టి కాళ్లకి ఏదైనా చుట్టుకుంటే జారి బయటికి రావచ్చు."

కాళ్లకి ఏదైనా చుట్టుకుంటే.

ఆమె షాపు గుమ్మం పట్టుకుంది.

"ఒక పక్క గాలి తీయండి."

"ఎందుకమ్మా?"

"తీయండి. తీసి నీళ్లలో వేయండి. నేను చూడాలి."

షాపు వెనకే కాలువ. గిరిధర్ విసుక్కుంటూనే ఒక పక్క గాలి తీశాడు. సీటు మీద ఇసుక బస్తా పెట్టి, తాడు కట్టి నీళ్లలోకి వదిలాడు. ట్యూబు ఒరిగింది. బస్తా ఒరిగింది. నీళ్లు సీటు మీదికి వచ్చాయి…

మునగలేదు.

"ఇక చాలా అమ్మా?"

"ఉండనీయండి."

ఎండ నెత్తిన కొడుతోంది. కాలువ మీద ఆ బస్తా ఒరిగి, ఒరిగి, తేలుతూనే ఉంది. ఆమె రెప్ప వేయకుండా చూసింది. దీన్ని ఆ రోజే తెచ్చి ఉంటే. ఈ రంగు వెలిసిన దాన్ని. ఈ జిప్పు పోయిన దాన్ని.

"ఇంత చూసి కొంటున్నారు," అన్నాడు గిరిధర్ ట్యూబు తుడుస్తూ. "నాన్నగారికా?"

"కాదు. నా మొగుణ్ణి చంపినాయనకి."

గిరిధర్ చేయి ఆగింది. మిగతా గాలి కూడా తీసేశాడు. ట్యూబు మడిచి కట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి జకరయ్య ముందు దాన్ని విసిరేసింది.

"దీంట్లో మీరు చావరు. చచ్చి తప్పించుకుందామనుకున్నారేమో. కుదరదు. బతకాలి మీరు. నా కళ్ల ముందే బతకాలి."

అన్ని నెలల తర్వాత ఆయనతో ఆమె అన్న మొదటి మాటలు అవి. ఆయన తల ఊపాడు. వంగి ట్యూబు తీసుకున్నాడు. అతుకుల కోసం వెతికాడు. అంగుళం అంగుళం తడిమాడు.

మర్నాడు పొద్దున్నే చెరువు గట్టు మీద ఆయన ట్యూబుకి పొడవాటి నైలాన్ తాడు కట్టాడు. రెండో కొస ఆమె చేతిలో పెట్టాడు.

"నాకెందుకు?"

"పట్టుకో అమ్మాయ్. వదిలేసినా నీ ఇష్టం. నేనేం అనను."

ఆయన నీళ్లలోకి దిగాడు. గుర్రపుడెక్కని చేతులతో తోసుకుంటూ వెళ్లాడు. పొగమంచు ఆయన్ని కొంచెం కొంచెంగా తీసేసుకుంది. ముందు ట్యూబు. తర్వాత వీపు. చివరికి తల. తాడు మాత్రం ఆమె వేళ్ల మధ్య నుంచి జారుతూ వెళ్తోంది.

వదిలేయొచ్చు.

వదిలేయొచ్చు… అనుకుంటూ నిలబడింది.

తాడు ఆగింది. బిగిసింది. ఉన్నట్టుండి వదులైపోయింది.

ఆమె ఎప్పుడు నీళ్లలోకి దిగిందో ఆమెకే తెలియదు. చీర బరువెక్కింది. బురదలో కాలు దిగబడింది. రెండు చేతులా తాడు లాగుతోంది, అరుస్తోంది, ఏమని అరుస్తోందో కూడా తెలియకుండా —

"లాగకమ్మా!" మంచులోంచి జకరయ్య గొంతు. "చేప పడింది. దారం తెగుద్ది!"

ఆమె ఆగిపోయింది.

నడుం లోతు నీళ్లు. దడదడలాడే గుండె. దాని మీద పట్టరాని కోపం వచ్చింది. ఎవరి కోసం కొట్టుకుంటోంది ఇది? సిగ్గు లేకుండా…

ఏడుపు వచ్చింది. ఏడ్చింది. ఏడుస్తూనే తాడు మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకుంది.

ముందు ఒడ్డుకి రానీ, అనుకుంది పళ్లు కొరుకుతూ.

అప్పుడు చెప్తాను.