చిక్కటి ఆయిల్

కుమాసీ ఊళ్ళో సుఆమే మెకానిక్ షెడ్లలో అంపోన్సా మాస్టర్ చెవికున్న పేరు అంతా ఇంతా కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, ఏ భాగం అరుస్తోందో చెప్పేసేవాడు. ఊళ్ళో టాక్సీవాళ్ళకి కావలసింది మాత్రం రోగం పేరు కాదు, శబ్దం ఆగడం. గడగడలాడే కారు ఎక్కమంటే ఏ బేరమూ ఎక్కదు. అందుకే ఆయన ఇరవై ఏళ్ళుగా చిక్కటి ఆయిల్ పోసి, పైన జిగురు మందొకటి కలిపి పంపేవాడు. శబ్దం ఆగేది, అందరూ సంతోషంగా వెళ్ళేవారు.

మేనకోడలు కొనాడు కారుకీ అదే చేశాడు. ఆమె తల్లి పోయాక మేనమామే అన్నీ. కారు ఎంచిందీ ఆయనే, టాక్సీ గుర్తుగా చక్రాల పై రేకులకి పసుపు రంగు వేయించిందీ ఆయనే. పొద్దున్నే తాళం తిప్పగానే రెండు క్షణాలు రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు శబ్దం వస్తోందని ఆమె వచ్చి చెప్పింది.

పక్క షెడ్డు ఫుసేని తన స్కానర్ తగిలించి చూశాడు. "మాస్టర్, వాల్వులు తెరుచుకునే వేళ తప్పుతోందని చూపిస్తోంది. ఈ ఇంజిన్లో ఆ వేళని ముందుకీ వెనక్కీ జరిపేది ఆయిలే. పల్చటిదే పొయ్యాలి. వాల్వుల్ని ఆడించే చైన్ కూడా సాగినట్టుంది, విప్పి చూడు."

"నీ డబ్బాకి చెవులున్నాయటోయ్?" అన్నాడు అంపోన్సా. షెడ్డంతా నవ్వింది. ఫుసేని మూతి ముడుచుకుని పోయాడు.

చైన్ శబ్దమేనని అంపోన్సాకీ తెలుసు. స్క్రూడ్రైవర్ ఆనించగానే తెలిసింది. కానీ విప్పితే నాలుగు రోజులు బండి ఆగిపోతుంది, పైగా ఫుసేని మాట నెగ్గుతుంది. చిక్కటిది పోశాడు. మర్నాటికి ఇంజిన్ పిల్లిలా గుర్రుమంది.

వారం తర్వాత కొనాడు మళ్ళీ వచ్చింది. "మామయ్యా, చప్పుడు లేదుగానీ ఎత్తు ఎక్కలేకపోతోంది."

"జనాన్ని కుక్కేసుంటావు. అరవడం లేదుగా, ఇంకేం?"

ఆ మాటని ఆమె నమ్మింది. ఆయన ఏం చెప్పినా నమ్మేది.

పదో రోజున కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. అంపోన్సా పై మూత విప్పాడు. ఆయిల్ దారిలో ఉండే వేలిగోరంత జల్లెడ నల్లటి జిడ్డుతో పూడుకుపోయి ఉంది. చైన్ చక్రం పళ్ళు దాటి జారింది. వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని కొక్కేల్లా వంగిపోయాయి. ఇంత పెద్ద తప్పు తన చేత్తో జరిగిందని తెలిసి కూడా మొదట వచ్చిన ఆలోచన, పెట్రోల్లో కల్తీ అని చెబితే సరిపోతుంది కదా అని. ఆ ఆలోచనకే ఆయనకి తన మీద అసహ్యం పుట్టింది.

"నాదే తప్పు మామయ్యా," అంది కొనాడు ఏడుస్తూ. "సంత రోజు ఐదుగుర్ని ఎక్కించుకుని గుట్ట ఎక్కించాను. నువ్వు బాగుచేసిచ్చిన బండిని పాడుచేశాను."

చుట్టూ పదిమంది ఉన్నారు. ఫుసేని కూడా ఉన్నాడు.

"నీ తప్పు కాదే," అన్నాడు అంపోన్సా. "నేను పోసిన ఆయిల్ వల్ల. చైన్ పోయిందని నాకు ఆ రోజే తెలుసు."

ఆమె ఏడుపు ఆగిపోయింది. "తెలుసా?"

"విన్నాను."

"విని?"

ఎవరో కొత్త ఇంజిన్ వెయ్యొచ్చుగా అన్నారు. అంపోన్సా, "నేను వేస్తానమ్మా, నా షెడ్డు అమ్మైనా వేస్తాను," అన్నాడు. కొనాడు వినిపించుకోలేదు. సీటు మీద పరిచిన తల్లి బట్టని తీసి మడతపెట్టింది. నీళ్ళ సీసా, అద్దం తుడిచే గుడ్డ సంచిలో వేసుకుంది.

"రేపట్నించి ఏం చేస్తావే?"

"ఎవరిదైనా బండి నడుపుకుంటా," అంది ఆమె, ఆయన మొహంకేసి చూడకుండా. "నువ్వు ముట్టుకోనిది."