ఆఖరి రింగు

సైకిలు షాపు గోడమీద సుద్దముక్కతో రాసిన అంకె ఒకటుంది: గంటా ఎనిమిది నిమిషాలు. మెకానిక్ దాని చుట్టూ సున్నా చుట్టి పెట్టాడు. నలభై కిలోమీటర్లు అంతలోపు తొక్కితేనే ఆయన కూతురికి జట్టులో చోటు. పందొమ్మిదేళ్లు దాటితే ఇక తీసుకోరు. ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

దాని కింద ఇంకో అంకె, గంటా పదహారు. అది ఆమె టైము.

తప్పు కాళ్లది కాదు, బండిది. రెండేళ్ల కిందట కిందపడి మెడ నరం నలిగి, ఎడమచెయ్యి కొన్నాళ్లు మొద్దుబారినప్పుడు, ఇక వంగి తొక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మెకానిక్ వెతికి వెతికి, దూరాలు వెళ్లేవాళ్లు తొక్కే సైకిలు తెచ్చాడు. హ్యాండిలు ఎత్తు, టైర్లు లావు. రోజంతా తొక్కినా ఒళ్లు హూనం కాదు. కానీ అంత నిటారుగా కూర్చుంటే ఎదురుగాలంతా గుండెలకే తగులుతుంది.

కోచ్ దాన్ని మొదటిసారి చూసి, "ఇదేం సైకిలమ్మా, పడక్కుర్చీకి చక్రాలు బిగించారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. బండికి ఆ పేరే స్థిరపడిపోయింది.

మెకానిక్ టైర్లు మార్చాడు. గొలుసు విప్పి, కడిగి, నూనె పట్టించాడు. రెండు నిమిషాలు తగ్గాయి. అప్పుడు ఆయన కన్ను హ్యాండిలు కింద గొట్టానికి తొడిగిన నాలుగు రింగుల మీద పడింది. ఒక్కోటి వేలెడు మందం. కింది నుంచి ఒకటి తీసి పైన తొడిగితే హ్యాండిలు అంత దిగుతుంది, మనిషి అంత వంగుతుంది. గొట్టం కోసేది లేదు కదా, కావాలంటే మళ్లీ కిందికి వేసుకోవచ్చు అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

"వారానికి ఒక్కటే," అన్నాడు కూతురితో. "మెడ నొప్పెడితే చెప్పాలి. చెబుతావా?"

"చెబుతాలే నాన్నా."

మొదటి రింగుకు గంటా పన్నెండు. రెండోదానికి పదకొండు. మూడోదానికి తొమ్మిది. పాత అంకెలు చెరపకుండా ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయాడు.

మూడో రింగు తీసిన వారమే ఆమె చేతిలోంచి గ్లాసు జారి భళ్లుమంది.

"చేతులా, చేటలా అవి? ఈ వారంలో ఇది మూడోది!" అని తల్లి కసురుకుంది. "సైకిలు తొక్కేది కాళ్లతోనేగా, చేతులకేం రోగం?"

కూతురు నవ్వేసి, చీపురు కుడిచేత్తో అందుకుంది. మెకానిక్ చూశాడు. మర్నాడు చొక్కా గుండీ దగ్గర ఆమె ఎడమచెయ్యి తడుముకోవడం కూడా చూశాడు.

"చెయ్యెలా ఉంది?" అని షాపులో అడిగాడు, బండి మీద నుంచి తలెత్తకుండానే.

"బానే ఉంది నాన్నా. మెడ కూడా ఏం నొప్పిలేదు."

మెడ సంగతి ఆయన అడగలేదు. అయినా ఆ మాట చాలనుకున్నాడు. గోడమీద ఇంక ఒక్క నిమిషమే మిగిలింది. నాలుగో రింగు తీసి పైన తొడిగి, బోల్టు బిగించాడు.

ఎంపిక రోజున ఆయనా కోచ్ చివరి దిగుడు మొదట్లో నిలబడ్డారు. ఆమె వీపు బల్లపరుపుగా వాల్చి వస్తోంది. కోచ్ గడియారం చూసి, "ఏమయ్యా, నీ పడక్కుర్చీ ఎగిరిపోతోంది!" అని కేకేశాడు. మెకానిక్ కూడా చేతులెత్తి అరిచాడు. ఆమె వాళ్లను దాటి దిగుడులోకి పోయింది. దాని చివర గోదాము గోడ, గోడ పక్కన మలుపు. అక్కడ అందరూ బ్రేకు వేస్తారు. ఆమె బండి వేగం తగ్గలేదు.

"బ్రేకు ఫెయిలయిందా?" ఆసుపత్రి వరండాలో కోచ్ అడిగాడు. ఎవరో సైకిలు తెచ్చి గోడకు ఆనించి వెళ్లారు.

దిగుడులో బండిని ఆపేది ముందు బ్రేకే. ఎడమవైపున్న దాని పిడి మెకానిక్ నొక్కాడు. ముందు చక్రం వంకరపోయినా ప్యాడ్లు దాన్ని టక్కున కరిచి పట్టుకున్నాయి. మళ్లీ నొక్కాడు. వైరు తెగి ఉంటే బాగుండును. నట్టయినా ఊడి ఉంటే బాగుండును.

"బండిలో ఏ లోపమూ లేదు సార్," అన్నాడు.

లోపల ఆమెను మెడకు పట్టీ బిగించి వెల్లకిలా పడుకోబెట్టారు.

"నాన్నా, టైమెంత?"

"ఎవరూ చూడలేదమ్మా."

"ఒక్క రింగు కిందికి వేద్దాం నాన్నా. ఒక్కటే. ఏడు ఇంకా అయిపోలేదుగా, మళ్లీ పిలుస్తారేమో."

ఆయన ఆమె ఎడమ అరచేతిలో తన రెండు వేళ్లు పెట్టాడు. "గట్టిగా పట్టుకో తల్లీ."

"పట్టుకున్నాగా," అంది.

ఆ చెయ్యి ఎలా తెరుచుకుని ఉందో అలాగే ఉంది.